రూట్ కెనాల్ చేసిన పన్ను ఒళ్లంతా జబ్బు చేస్తుందా?

లాలాగూడ, మెట్టుగూడ, శాంతినగర్ వైపు ఏ ఇంట్లో అడిగినా ఒకరిద్దరికైనా రూట్ కెనాల్ అయ్యే ఉంటుంది. రైల్వే క్వార్టర్స్‌లో ఉండే రిటైర్డ్ అబ్బాజాన్‌కి కింది దవడ పన్ను, కోడలికి పై దవడ పన్ను, ఇంటర్ చదివే పిల్లాడికి క్రికెట్ బంతి తగిలిన ముందు పన్ను. ఇన్నాళ్లూ దీని గురించి భయమంటే నొప్పి గురించి, ఖర్చు గురించే. ఇప్పుడు వాట్సాప్‌లో ఇంకో భయం ఇంటింటికీ చేరింది. రూట్ కెనాల్ చేసిన పన్ను చచ్చిన పన్ను అట, లోపల విషం తయారై రక్తంలో కలుస్తుందట, కీళ్లనొప్పులు, నీరసం, గుండెజబ్బు, ఆఖరికి రొమ్ము క్యాన్సర్ కూడా దాని వల్లేనట. ఏ పన్ను ఏ అవయవానికి 'కనెక్షన్' అని రంగురంగుల బొమ్మ కూడా వెంట వస్తోంది.

నవ్వి వదిలేద్దామంటే కుదరదు. ఏడాదిగా నీరసం, ఒళ్లునొప్పులతో బాధపడుతున్న మనిషికి ఏ డాక్టరూ కారణం సరిగా చెప్పకపోతే, ఆ వీడియో ఒక జవాబులా కనిపిస్తుంది. "అప్పుడెప్పుడో పన్ను చేయించుకున్నాను కదా, అప్పటి నుంచే" అని లెక్క కూడా కుదిరిపోతుంది. వెళ్లి మంచి పన్ను పీకించేసుకుంటారు. పీకిన పన్ను తిరిగి రాదు. నీరసం తగ్గకపోతే, అసలు జబ్బు ఏమిటో కనుక్కోవాల్సిన నెలలు కూడా దాంతోపాటే పోతాయి.

ఈ మాట ఎక్కడ పుట్టింది

ఇది కొత్త మాట కాదు, వందేళ్ల పాతది. 1910లో కెనడాలోని మాంట్రియల్‌లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టరు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. కుళ్లిన పళ్ల మీదే బంగారు తొడుగులు బిగించే దంతవైద్యం రోగాల పుట్ట అని మండిపడ్డాడు. ఎక్స్‌రే వాడకం సరిగా లేని కాలం, యాంటీబయాటిక్ అనేదే లేని కాలం. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. ఆ తర్వాత అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు రోగుల నుంచి తీసిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టాడు. కుందేళ్లు జబ్బుపడ్డాయి. 1923లో దాన్నంతా రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేశాడు. నేటికీ వీడియోల్లో చూపించే 'రుజువు' ఇదే.

అప్పట్లో డాక్టర్లు నమ్మారు. ఒక తరం పాటు కీళ్లనొప్పులంటే పళ్లు పీకారు, టాన్సిల్స్ తీశారు. న్యూజెర్సీలోని ట్రెంటన్ మానసిక ఆసుపత్రిలో హెన్రీ కాటన్ అనే సూపరింటెండెంట్ మరీ ముందుకు పోయాడు. మతిస్థిమితం లేనివాళ్ల పళ్లు పీకించాడు, అవి చాలవని పెద్దపేగులు కూడా కోయించాడు. ఆపరేషన్లలో చాలామంది చనిపోయారు.

పళ్లు పీకినా రోగాలు తగ్గడం లేదని మెల్లగా తెలిసింది. 1938లో సెసిల్, యాంజెవైన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు 200 మంది కీళ్లవాత రోగుల వివరాలు ముందు పెట్టుకుని చూస్తే, పళ్లు, టాన్సిల్స్ తీయించుకున్న వాళ్లలో చాలామందికి ఏమీ లాభం కలగలేదు. అంతకు ముందు ఆ పద్ధతిని సమర్థించినవాడు ఆ సెసిలే. ప్రైస్ ప్రయోగాల్లో శుభ్రత లేదని, కుందేలు ఒంటికి తట్టుకోలేనంత క్రిములు చేరాయని, పోల్చి చూడడానికి సరైన ఏర్పాటు లేదని తర్వాతివాళ్లు తేల్చారు.

పాతబడిన ఈ వాదాన్ని 2018లో 'రూట్ కాజ్' అనే సినిమా మళ్లీ లేపింది. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లలో 97 శాతం మందికి అదే వైపు రూట్ కెనాల్ పన్ను ఉందని అందులో చెప్పిస్తారు. ఆ లెక్క ఏ పరిశోధనలోనూ నిలబడలేదు. మామూలుగా ఆలోచించినా సరే: వయసు పెరిగేకొద్దీ రూట్ కెనాల్ అయినవాళ్లూ పెరుగుతారు, క్యాన్సర్ వచ్చేవాళ్లూ పెరుగుతారు. ఆ లెక్కన కళ్లజోడు వల్ల కూడా క్యాన్సర్ వస్తుందని చెప్పొచ్చు. అమెరికా దంతవైద్య సంఘాలు అభ్యంతరం చెప్పాక 2019 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది. ముక్కలు మాత్రం మన ఫోన్లలో ఉర్దూ, హిందీ, తెలుగు మాటలతో తిరుగుతూనే ఉన్నాయి.

'చచ్చిన పన్ను' అంటే

పన్ను లోపల మధ్యలో మెత్తని కండ లాంటి గుజ్జు ఉంటుంది, నరం, రక్తనాళం అందులోనే. పుచ్చు లోతుకు పోయి అది కుళ్లితే రాత్రిళ్లు నిద్రపట్టని నొప్పి. రూట్ కెనాల్‌లో చేసేది ఆ కుళ్లిన గుజ్జును సన్నని ఫైళ్లతో తీసేసి, వేర్లలోని సందులను మందునీళ్లతో కడిగి, గట్టాపర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపి మూసేయడం. గట్టాపర్చా మలయా వైపు పెరిగే చెట్టు పాలు. కడగడానికి ఎక్కువగా వాడే సోడియం హైపోక్లోరైట్ ఇంట్లో బట్టలకు వాడే బ్లీచ్ జాతిదే.

కాబట్టి లోపలి నరం పోయిన మాట నిజం. కానీ పన్నును ఎముకకు పట్టి ఉంచే పొర, చుట్టూ ఉన్న చిగురు, ఎముక అన్నీ బతికే ఉంటాయి, రక్తం అందుకుంటూనే ఉంటాయి. ఆ పన్నుతో గట్టిగా కొరికితే మీకు తెలుస్తుంది కూడా.

వీడియోల్లో ఒక్క మాట మాత్రం అబద్ధం కాదు. పంటి వేరులోని అతి సన్నని సొరంగాల్లో ఒక్క క్రిమి కూడా లేకుండా చేయడం ఏ డాక్టరు వల్లా కాదు. అయితే అవి సీలు వేసిన గదిలో ఆహారం లేకుండా ఉండిపోతాయి. చికిత్స సరిగా జరగనప్పుడు, ఒక సందు దొరక్కుండా మిగిలిపోయినప్పుడు, పైన క్యాప్ వేయించుకోక లాలాజలం లోపలికి దిగినప్పుడు అవి మళ్లీ పెరిగి వేరు కొనలో చీము చేరుతుంది. అది ఎక్స్‌రేలో నల్లటి మచ్చలా కనిపిస్తుంది. దానికి మళ్లీ రూట్ కెనాల్ చేయడం, వేరు కొన కోసి శుభ్రం చేయడం, ఏదీ కుదరకపోతే పన్ను తీయడం అనే దారులున్నాయి. ఎక్స్‌రేలో, పరీక్షలో ఏ లోపమూ లేని పన్నును కేవలం అనుమానం మీద తీయించుకోవడం మాత్రం తొందరపాటు.

రక్తంలోకి క్రిములు వెళ్లడం గురించి కూడా ఒక సంగతి. బ్రష్ చేసినా, మిస్వాక్ చేసినా, గట్టి రొట్టె నమిలినా చిగుళ్ల నుంచి కాసిని క్రిములు రక్తంలోకి వెళ్తూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు వాటిని కాసేపట్లోనే తుడిచిపెట్టేస్తుంది.

మరి ఈ నీరసం, ఈ నొప్పులు ఎక్కడివి

ముందు మన ఇళ్లలో మామూలుగా ఉండేవాటిని చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికంటే ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం, తలనొప్పి, జుట్టు రాలడం, దేని మీదా మనసు లేకపోవడం, అన్నీ దాంట్లోనే పడతాయి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైనే అని లెక్కగట్టింది, వాళ్లలో తమకు షుగర్ ఉందని తెలియనివాళ్లు ఎందరో. థైరాయిడ్ తక్కువ కావడం, బి12, డి విటమిన్ల కొరత, సరిగా నిద్రలేకపోవడం, మనసులో పెట్టుకున్న దిగులు. ఇవన్నీ 'టెస్టుల్లో ఏమీ లేదు' అని ముందే వదిలేసిన కేసుల్లో తర్వాత బయటపడేవే. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించకుండా పన్ను మీద అనుమానం పెట్టుకోకండి.

సాయంత్రం పూట జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. దవడ కింద, మెడలో గడ్డ కనపడితే 'పంటి వాపు' అనుకుని యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు వాడతారు. మన దేశంలో మెడ గడ్డల్లో చాలా టీబీవే. గడ్డ రెండు మూడు వారాల్లో తగ్గకపోతే సూదితో నమూనా తీయించాలి.

కొన్నిసార్లు అసలు పంటినొప్పే పంటిది కాదు. ముఖంలో ఒక పక్క కరెంటు షాక్ కొట్టినట్టు క్షణాల పాటు మెరుపు నొప్పి, ముఖం కడుక్కున్నా, వజూ నీళ్లు తగిలినా, గాలి తగిలినా మొదలయ్యే నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే నరాల జబ్బు. పాపం, ఇది ఉన్నవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మంచి పళ్లకు రూట్ కెనాల్ చేయించుకుని, అదీ చాలక పీకించుకుని, నొప్పి మాత్రం అలాగే మోసుకుంటూ తిరుగుతారు. దీనికి నరాల డాక్టరు ఇచ్చే మాత్రలు వేరే ఉన్నాయి. ఇంకొకటి, ప్రాణం మీదికి తెచ్చేది: నడిచినా, మెట్లెక్కినా కింది దవడ లాగేసి, ఆగితే తగ్గడం, దాంతో చెమట, ఆయాసం ఉంటే అది గుండె నుంచి వచ్చే నొప్పి కావచ్చు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో ఛాతీలో నొప్పి లేకుండానే ఇలా వస్తుంది. డెంటల్ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఈసీజీ తీయించాలి.

తిరగేసి చూస్తే, పన్నే కారణమై వేరేచోట బాధ పెట్టే సందర్భం కూడా ఒకటుంది. పై దవడ వెనక పళ్ల వేర్లు చెంప ఎముకలోని సైనస్ గదికి ఆనుకుని ఉంటాయి. అక్కడ చీము ఉంటే ఒక పక్క మాత్రమే ముక్కు దిబ్బడ, దుర్వాసన, చెంప బరువు. నెలల తరబడి జలుబు మందులు వాడినా తగ్గదు. ఒకే పక్క సైనస్ పట్టుకుంటే ఈఎన్‌టీ డాక్టరుకు "ఆ వైపు పై పన్నుకు రూట్ కెనాల్ అయింది" అని తప్పకుండా చెప్పండి. ఇలాంటప్పుడు పంటి మీద అనుమానం సరైన అనుమానమే, స్కాన్‌లో తేలిపోతుంది.

భయపడాల్సినది ఇది

తమిళనాడు తిరుపత్తూరు జిల్లాలోని వాణియంబాడి మనవాళ్లకు తెలియని ఊరు కాదు. తోళ్ల వ్యాపారం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, ఆంధ్ర సరిహద్దు దగ్గర. 2022-23లో ఆ ప్రాంతంలో కొందరికి జ్వరం, తలనొప్పి, మాట తడబడడం, చూపు మసకబారడం, ముఖం ఒక పక్క పడిపోవడం మొదలయ్యాయి. వెల్లూరు సీఎంసీ, చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ డాక్టర్లు ఆరా తీస్తే 21 మంది రోగుల్లో 10 మంది ఒకే డెంటల్ క్లినిక్‌కు వెళ్లినవాళ్లు. ఆ పదిమందిలో 8 మంది చనిపోయారు. మట్టిలో, నీళ్లలో ఉండే బర్క్‌హోల్డేరియా సూడోమల్లై అనే క్రిమి నోటి నుంచి మెదడు వైపు పాకింది. నోరు కడగడానికి వాడే సెలైన్ సీసాను శుభ్రంగా లేని పనిముట్టుతో తెరిచి, దూది కుక్కి పెట్టుకుని, అదే సీసాను మనిషి తర్వాత మనిషికి వాడారని తేలింది. ఈ వివరాలు 2025లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో అచ్చయ్యాయి.

ఇక్కడ ప్రాణం తీసింది పన్ను నింపిన పదార్థం కాదు, మూత తీసిపెట్టిన సెలైన్ సీసా. అందుకే కుర్చీలో కూర్చునే ముందు కళ్లు తెరిచి చూసుకోండి. పనిముట్లు సీలు వేసిన కవర్ నుంచి మీ ముందే తీస్తున్నారా? సూది కొత్తదా? సెలైన్ సీసా మీ కోసం తెరిచిందేనా? గ్లవ్స్ మార్చారా? రూట్ కెనాల్ చేసేటప్పుడు పన్ను చుట్టూ రబ్బరు షీటు, అంటే రబ్బర్ డ్యామ్, బిగిస్తారా? అది ఉంటే లాలాజలం లోపలికి పోదు, మందునీళ్లు గొంతులోకి జారవు. అడిగితే డాక్టర్ సాబ్ ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మంచి డాక్టరు సంతోషంగా చూపిస్తాడు. విసుక్కుంటే లేచి వచ్చేయండి.

డిగ్రీ కూడా చూడాలి. కనీసం బీడీఎస్, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీద ఉండాలి. వేర్లు వంకరగా ఉన్నా, ఒకసారి చేసింది ఫెయిలైనా ఎండోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారి దగ్గరికి వెళ్లడం మేలు. ఫుట్‌పాత్ మీద పళ్లు కట్టేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

రెండో ప్రమాదం మన చేతుల్లోనిదే, సగంలో ఆపేయడం. మొదటి సిట్టింగ్‌లో నొప్పి పోతుంది, పెళ్లిళ్లు, పరీక్షలు, డబ్బుల ఇబ్బంది వచ్చి తర్వాతి సిట్టింగ్‌కి ఎవరూ వెళ్లరు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు కొన్ని వారాల్లో ఊడి, లోపల మళ్లీ చీము. పూర్తి చేసినవాళ్లు కూడా 'క్యాప్ తర్వాత చూద్దాం' అంటారు. అమెరికాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ రికార్డుల నుంచి 14 లక్షల పైచిలుకు రూట్ కెనాల్ పళ్లను ఎనిమిదేళ్ల పాటు చూసి 2004లో ప్రకటించారు: 97 శాతం పళ్లు నోట్లోనే ఉన్నాయి. ఊడదీయాల్సి వచ్చిన వాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. దవడ పళ్లకు క్యాప్ ఎందుకు వేయించుకోవాలో ఈ ఒక్క లెక్క చాలు. బంగారం వద్దనుకునే మగవాళ్లకు సిరామిక్, జిర్కోనియా క్యాపులున్నాయి.

మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ తెచ్చుకుని నొప్పి తగ్గగానే ఊరుకోవడం మూడోది. మందు వాపును అణచిపెడుతుంది, పంటి లోపలి కుళ్లును తాకదు. లవంగ నూనె ఒక రాత్రికి సాయపడుతుంది, అంతే. నొప్పి పన్ను దగ్గర జర్దా నొక్కడం, ఆస్పిరిన్ మాత్ర పెట్టడం చేయకండి. చిగురు కాలిపోతుంది.

రూట్ కెనాల్ తర్వాత రెండు మూడు రోజులు కొరికితే నొప్పి ఉండడం మామూలే. కింది పెదవి తిమ్మిరి మరుసటి రోజుకీ పోకపోతే, చికిత్స జరుగుతుండగానే భరించలేని మంట, వాపు వస్తే వెంటనే చెప్పాలి. దవడ కింద గట్టిగా వాచి, నోరు తెరవలేక, మింగలేక, ఊపిరి ఆడకపోతే రాత్రయినా సరే క్లినిక్ కోసం చూడకండి, నేరుగా గాంధీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి. ఆ వాపు గొంతు మూసేస్తుంది.

ముందే చెప్పాల్సినవాళ్లు

గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు, ఇదివరకు గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్న పిల్లలు పంటి పనికి ముందు యాంటీబయాటిక్ డోసు తీసుకోవాలి. చిన్నప్పటి కీళ్లజ్వరంతో కవాటం పాడైనవాళ్లు గుండె డాక్టరును అడిగి వెళ్లాలి. వీడియోల్లో చెప్పే 'క్రిములు గుండెకు చేరడం' వీళ్ల విషయంలో నిజమైన ప్రమాదం. అయితే కుళ్లిన పన్నును అలాగే వదిలేస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు అదుపులో పెట్టుకుని వెళ్లాలి. చిగుళ్లలో చీము ఉంటే షుగర్ దిగడం కష్టం, షుగర్ ఎక్కువుంటే చీము మానడం కష్టం. రక్తం పలచబడే మందులు, ఎముకల బలానికి వేసే బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడే దాదీ, నానీలు ఆ చీటీలు వెంట తీసుకెళ్లాలి. రెండో రకం మందు వాడేవాళ్లకు పన్ను పీకించుకోవడమే ప్రమాదం, దవడ ఎముక మానకపోవచ్చు. వాళ్లకు రూట్ కెనాలే మేలైన దారి.

రంజాన్‌లో పంటినొప్పి వస్తే ఈద్ దాకా ఓర్చుకునేవాళ్లు చాలామంది. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో చేసిన తీర్మానంలో, గొంతులోకి పోయినదాన్ని మింగకుండా జాగ్రత్తపడితే పంటికి రంధ్రం చేయడం, పన్ను తీయడం, శుభ్రం చేయించుకోవడం వల్ల రోజా పోదని ఉంది. మీరు అనుసరించే ఆలిమ్‌ను ఒకసారి అడగండి, డాక్టరును తరావీహ్ తర్వాతి టైమ్ ఇవ్వమనండి. నొప్పి మాత్రలు ఖాళీ కడుపున వేసుకోకుండా ఇఫ్తార్, సహరీ తిన్నాక వేసుకోండి.

లాలాగూడ నుంచి ఎక్కడికి

రైల్వే ఉద్యోగులకు, పెన్షనర్లకు లాలాగూడలోనే దక్షిణ మధ్య రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉంది. ఒళ్లునొప్పులు, నీరసానికి రక్తపరీక్షలు మొదలుపెట్టాల్సింది అక్కడే. 1893లో మొదలైన క్యారేజ్ వర్క్‌షాప్‌లో తాతలనాటి నుంచి పనిచేసిన కుటుంబాలకు ఈ దారి కొత్తేమీ కాదు. మిగతావాళ్లకు మామూలు పరీక్షలకు బస్తీ దవాఖానా, గాంధీ. పంటి పనికి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి. అక్కడ ఎండోడాంటిక్స్ విభాగం వేరే ఉంటుంది. పొద్దున్నే వెళ్లాలి, క్యూ ఉంటుంది, సిట్టింగులు ఎక్కువ పడతాయి, చేసేది పీజీ విద్యార్థులైనా పైన ప్రొఫెసర్ చూస్తారు.

ఎక్కడ చేయించుకున్నా పని మొదలుపెట్టక ముందు తీసిన ఎక్స్‌రే, అయిపోయాక తీసిన ఎక్స్‌రే రెండూ అడిగి తీసుకుని ఫోన్లో ఫోటో దాచుకోండి, ఏ పన్ను, ఏ తేదీ అని రాసిపెట్టండి. రేపు మీకు ఆ పన్ను మీద అనుమానం వస్తే, ఇంకో డాక్టరు ఆ రెండింటినీ కొత్త ఎక్స్‌రే పక్కన పెట్టి చూసి చెప్పగలరు.